బొట్టు పెట్టకముందు

చీపురుపల్లి,
ఆగస్టు 18, 2025.

మావయ్యకి శైలజ రాస్తున్నది.

నీకు ఫోన్ చేస్తే సగం వినపడదు, వినపడని సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే కాగితం పట్టాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. నీ చేతిరాత ఇప్పటికీ సర్కారు రసీదులాగే ఉంటుంది కాబట్టి చదవడం తేలిక.

సంగతికొస్తాను. మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి నేను ఇన్‌ఛార్జినని నీకు తెలుసు. ముప్ఫయ్యారు మెషీన్లు, అన్నీ పదేళ్ల నాటివి. మొండి ఎద్దుల్లా అదిలిస్తే గానీ కదలడం లేదు. యాజమాన్యం విసిగిపోయింది. ఈ ల్యాబ్ మూసేసి, ప్రాక్టికల్స్‌కి పిల్లల్ని విజయనగరంలో ఉన్న తమ పెద్ద కాలేజీకి పంపుతామంటున్నారు. ల్యాబ్ పోతే నా ఉద్యోగం పోతుంది. మెరకముడిదాం వైపు నుంచి వచ్చే ఆడపిల్లల్ని ఇళ్లలో చీపురుపల్లి దాకానే పంపుతారు. విజయనగరమంటే కంప్యూటర్ గ్రూపే మాన్పించేస్తారు. నా సంగతి అలా ఉంచినా వాళ్ల సంగతి చూడాలి కదా.

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇప్పుడు ఈ మెషీన్లన్నీ డబ్బిచ్చి కొన్న ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తున్నాయి. ఉచితంగా దొరికేది ఇంకొకటుంది. అది వేస్తే ఈ పాత మెషీన్లే చురుగ్గా నడుస్తాయని నా నమ్మకం. నా బల్ల పక్కనున్న మెషీన్ మీద వేసి చూశాను కూడా. మెషీన్ ఆన్ చేయడం, పిల్లలు రాసిన పెద్ద ప్రోగ్రాం నడపడం, మార్కుల జాబితా తెరవడం, ఈ మూడు పనులకూ కలిపి కొన్నదానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ఉచితదానికి పదే!

ఈ మాట మా కరస్పాండెంట్ గారితో చెప్పాను. కాలేజీ ఆయనదే, ఊరి చివర రైసుమిల్లూ ఆయనదే. "అమ్మా, నీ సరుకు నువ్వే తూచుకుని నువ్వే బాగుందంటే ఎలా? బయటి మనిషెవరైనా చూసి సంతకం పెట్టాలి" అన్నారు. ఎవరు పెడితే ఒప్పుకుంటారని అడిగాను. నీ పేరు చెప్పారు! తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు వాళ్ల మిల్లు కాటా రెండుసార్లు ఆపేశావట. "సొంత మావగారి కొట్లోనే తూకం రాళ్లు సీజ్ చేసిన మనిషి. మేనకోడలని వదులుతాడా?" అన్నారు.

నవంబరు ఇరవై అయిదున కమిటీ కూర్చుంటుంది. నేను కొలుస్తాను, నువ్వు చూసి సంతకం పెట్టు. అత్తకి కూడా చదివి వినిపించు.

శైలజ

*

శ్రీకాకుళం,
ఆగస్టు 27.

చిరంజీవి శైలజకి,

ఇక్కడ నా చెవులు, మోకాళ్లు తప్ప అన్నీ క్షేమమే. మీ అత్త నీ ఉత్తరం నాకంటే ముందే విప్పి చదివేసింది. "పిల్ల ఉద్దోగం పోతాదేటి? ఏదో ఒక సంతకం పడేయకూడదా?" అని వారం నుంచి నా ప్రాణం తీస్తోంది.

ఆపరేటింగ్ సిస్టం గురించి నాకర్థమైనంత రాస్తున్నాను, తప్పైతే దిద్దు. మెషీన్ కూలివాడైతే ఇది మేస్త్రీ. ఏ పని ముందు, ఏది వెనక అని చెప్పి చేయించేది. ఇద్దరు మేస్త్రీల్లో ఎవరు బాగా పని చేయిస్తారన్నదే నీ ప్రశ్న. అవునా?

అదే అయితే నీ మొదటి కొలత చెల్లదు. కొన్న సిస్టం ఆ మెషీన్లో ఎన్నాళ్ల నుంచి ఉంది? ఏళ్ల తరబడి పిల్లలు అందులో ఆటలూ పాటలూ అడ్డమైన చెత్తా నింపి ఉంటారు. ఉచితదాన్ని నువ్వు నిన్నగాక మొన్న వేశావు. ఐదేళ్లుగా మూటలు మోస్తున్నవాణ్ణీ, ఇవాళే పనిలోకి దిగినవాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి పరుగు పెట్టిస్తావా? సిగ్గులేదుటే నీకు?

రెండూ కొత్తగా వెయ్యి. ఒకే మెషీన్ల మీద వెయ్యి. పనులూ అవే, మార్కుల జాబితా అదే ఉండాలి. ఒక్కోటీ ఐదేసిసార్లు కొలువు, ప్రతిసారీ ముందు మెషీన్ ఆపేసి మళ్లీ పెట్టు. ఉచితది అంటే పడనివాడొకణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. జరిగిందంతా రాసిపెట్టు, రాయనక్కర్లేదు అనిపించింది కూడా.

మీ కరస్పాండెంట్‌కి నా నమస్కారం. ఆయన కాటా ఆపింది రెండుసార్లు కాదు, మూడు.

ఆశీస్సులతో,
జగన్నాధం

*

చీపురుపల్లి,
సెప్టెంబరు 14.

మావయ్యకి,

సిగ్గుంది కాబట్టే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. మేస్త్రీ మాట సరిగ్గానే ఉంది, దాన్ని పాఠంలో వాడేసుకున్నాను కూడా.

ఆరు మెషీన్లు ఎంచాను, కిటికీ వైపు మూడు, గోడ వైపు మూడు. వాటిలో ఉన్నదంతా తుడిచేసి, కొన్న సిస్టమే మళ్లీ కొత్తగా వేశాను. పక్కన మా కామర్స్ లెక్చరర్ మోహనకృష్ణ గారు కూర్చున్నారు. ఉచితది అంటే ఆయనకి పడనంతగా ఈ జిల్లాలో ఎవరికీ పడదు. రేపు పిల్లలకి ఆఫీసుల్లో కనపడేది కొన్నదే, అకౌంట్స్ ప్యాకేజీ నడిచేదీ దాని మీదే, వేరేది నేర్పితే వాళ్ల గొంతు కోసినట్టే అంటారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆయన ముందు మాత్రం ఒప్పుకోను.

ఆరు మెషీన్లు, ఐదేసిసార్లు. ఆయన ఫోన్లో ఒక స్టాప్‌వాచ్, నా ఫోన్లో ఒకటి. సగటు పది నిమిషాల నలభై సెకన్లు వచ్చింది.

చూశావా? చెత్త తీసేసరికి పంతొమ్మిది కాస్తా పదికి దిగింది. ఆగస్టులో ఉచితది చూపించింది కూడా పదే. అంటే నా గొప్ప ఉపాయానికి మిగిలింది నలభై సెకన్లు. మోహనకృష్ణ గారు నవ్వలేదు గానీ, క్యాంటీన్ నుంచి టీ తెప్పించారు. పది నిమిషాలంటే గంట క్లాసులో ఆరో వంతు. నలభై సెకన్లు మిగిల్చానని చెబితే కమిటీ ల్యాబ్ ఉంచుతుందా?

ఇప్పుడు ఇంటర్నల్ పరీక్షలు, వాటి వెంటే దసరా సెలవులు. సెలవుల్లో కోటబొమ్మాళిలో అమ్మ దగ్గర ఉంటాను. వచ్చాక అదే ఆరు మెషీన్ల మీద ఉచితది వేసి కొలుస్తాను. నాకు పెద్ద ఆశ లేదు.

శైలజ

*

శ్రీకాకుళం,
సెప్టెంబరు 22.

అమ్మాయ్,

ముఖం వేలాడేసుకోకు. నీకు నచ్చనంత మాత్రాన కొలత తప్పయిపోదు. నలభై సెకన్లే వస్తే నలభై అనే రాద్దాం, ల్యాబ్ నిలబెట్టడానికి వేరే దారి వెతుకుదాం. మోహనకృష్ణ గారిని మాత్రం వదులుకోకు. రెండు కొలతల మధ్య ల్యాబ్‌లో ఏం మారినా రాసి ఉంచు.

మీ అత్త కందిపొడి పంపుతోంది. డబ్బా వెనక్కి పంపమంటోంది.

జగన్నాధం

*

చీపురుపల్లి,
అక్టోబరు 15.

మావయ్యా!

ఆరు నిమిషాల పది సెకన్లు!

మళ్లీ రాస్తున్నాను, నీ కళ్లజోడు తప్పని అనుకుంటావేమో. ఉచితది, కొత్తగా వేసినది, అదే ఆరు మెషీన్ల మీద, అవే పనులకి, ఆరు నిమిషాల పది సెకన్లు. మోహనకృష్ణ గారు నమ్మలేదు. తన ఫోనూ నా ఫోనూ పక్కపక్కన పెట్టి నడిపించి చూశారు. మర్నాడు వచ్చి మళ్లీ కొలవమన్నారు. మళ్లీ అదే వచ్చింది. పదీ నలభై ఎక్కడ, ఆరూ పది ఎక్కడ! ఈ తేడా చూపిస్తే ల్యాబ్ మూసే మొనగాడెవడో చూస్తాను.

కొలతల కాగితాలన్నీ దీంతో పంపుతున్నాను. చివర "ఈ పోలిక న్యాయంగా జరిగింది" అన్న వాక్యం కింద నీ సంతకానికి జాగా వదిలాను. అక్కడ పెట్టి వెంటనే పోస్టు చెయ్యి.

సెలవుల కబుర్లు: అమ్మ బాగానే ఉంది, నువ్వు తొంగి చూడలేదని తిట్టింది. సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లాను, జనంలో చెప్పు ఒకటి పోయింది. నేను ఊళ్లో లేనప్పుడే మా అటెండర్ కూర్మయ్య ల్యాబ్‌లో ఆయుధపూజ కానిచ్చేశాడు. వచ్చేసరికి మెషీన్లన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు, తలుపుకి బంతిపూల దండ. ఆ పూజ కుంకుమ పొట్లం అత్తకి పంపుతున్నాను. కందిపొడి డబ్బా ఇంకా ఖాళీ కాలేదు.

నీ మేనకోడలు,
శైలజ

*

శ్రీకాకుళం,
అక్టోబరు 23.

శైలజకి,

కాగితాలు అందాయి. కుంకుమ మీ అత్త తీసుకుంది. సంతకం పెట్టలేదు. రెండు ప్రశ్నలున్నాయి.

ఆగస్టులో ఇదే ఉచితది పది నిమిషాలు తీసుకుందని రాశావు. ఇప్పుడు ఆరు. రెండు నెలల్లో దానికి అంత జోరు ఎక్కడి నుంచి వచ్చింది? మేస్త్రీ మారలేదు. అయితే మారింది కూలివాడా?

రెండోది. బొట్టు పెట్టకముందు కూర్మయ్య ఏం చేశాడు? బస్సు డిపోలో దసరాకి బస్సు కడిగి గానీ బొట్టు పెట్టరు. మిల్లులో మోటారు తుడిచి గానీ పెట్టరు. మురికి మీద బొట్టు పెట్టే మనిషిని మన వైపు నేను చూడలేదు. కంప్యూటర్లని నీళ్లతో కడగలేడు కదా. మరి ఏం చేశాడు?

ఈ రెండింటికీ జవాబు రాయి.

జగన్నాధం

*

చీపురుపల్లి,
అక్టోబరు 31.

మావయ్య గారికి,

ఆగస్టులో నేను కొలిచింది నా బల్ల పక్క మెషీన్ని. ఈ ఆరింటిలో అది లేదు. పైగా ఆ మొదటి కొలత చెల్లదని మీరే రాశారు. ఇప్పుడు దాన్నే పట్టుకుని నన్ను నిలదీస్తున్నారు.

పూజ ఏటా జరిగేదే. పూజ సంగతి ఏ కాలేజీలోనూ కొలతల కాగితంలో రాసుకోరు. కూర్మయ్య ఏం చేశాడో నేను చూడలేదు. నేను ఊళ్లో లేనని రాశాను కదా.

కమిటీకి ఇంకా ఇరవై అయిదు రోజులే ఉంది. మీరు చెప్పినట్టే రెండూ కొత్తగా వేశాను, ఐదేసిసార్లు కొలిచాను, పడనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇంకా ఏం చేయాలి? సొంత మావగారి రాళ్లు సీజ్ చేసిన చేతికి మేనకోడలి ఉద్యోగం ఏపాటి లెండి. ఆ పేరు నిలబెట్టుకోవడానికి మీకు నేనే దొరికానా?

అత్తకి నమస్కారాలు.

శైలజ

*

శ్రీకాకుళం,
నవంబరు 5.

శైలజా,

"గారు" తగిలించి, "మీరు" అని రాశావు. కోపం వచ్చిందన్నమాట. రానీ.

కూర్మయ్య ఏం చేశాడో చూడలేదని రాశావు. అడగలేదని రాయలేదు. నేను ముప్ఫై ఏళ్లు కొట్ల వాళ్లతో మాట్లాడినవాణ్ణి.

తక్కెడ మీద అనుమానం వస్తే మేం ఒకటే పని చేసేవాళ్లం. కుడి పళ్లెంలోది ఎడమకీ, ఎడమదాంట్లోది కుడికీ మార్చి మళ్లీ తూచేవాళ్లం. తక్కెడ మంచిదైతే ముల్లు మళ్లీ నడిమధ్యే నిలబడుతుంది. నువ్వు కొన్నదాన్ని దసరాకి ముందు తూచావు, ఉచితదాన్ని దసరా వెళ్లాక తూచావు. ఇప్పుడు పళ్లాలు మార్చు. ఆ ఆరు మెషీన్ల మీదా కొన్నదాన్ని మళ్లీ కొత్తగా వేసి కొలువు. పదీ నలభై దగ్గరే ఆగిందా, అదే రోజు సంతకం పెట్టి రిజిస్టరు పోస్టులో పంపుతాను, చెవులు పట్టుకుని తప్పయిందని కూడా రాస్తాను. ఆగకపోతే ఏం చేయాలో నీకే తెలుసు.

మావగారి రాళ్ల సంగతి వేరు. దాన్ని ఇందులోకి లాగకు.

మీ అత్త నీ పక్షం. నాతో మాటలు మానేసి నాలుగు రోజులైంది. అన్నం మాత్రం పెడుతోంది.

జగన్నాధం

*

చీపురుపల్లి,
నవంబరు 16.

మావయ్యా,

అడిగాను. సెలవులయ్యాక మొదటి రోజే అడిగాను.

ఆ పొద్దున ల్యాబ్ తెరిచి మెషీన్లన్నీ ఆన్ చేస్తే చప్పుడు లేదు. పంకాల రొదలో అరిచి పాఠం చెప్పే గదిలో నా చెప్పుల చప్పుడు నాకు వినపడింది. కూర్మయ్యని పిలిచి ఏం చేశావని అడిగాను. "మిల్లు కాడి నుంచి ఊక ఊదే బ్లోయరు తెచ్చినానమ్మా. డబ్బాలిప్పి ఊదినాను. ఒక్కోదాంట్లో సారెడు దుమ్మున్నాది. బొట్టెట్టే ముందర దుమ్ముతో ఉంచుతామేటి? అమ్మోరు ఊరుకుంటాదా?" అన్నాడు.

ఆ దుమ్ము ఎలా చేరిందో కూడా నీకు చెప్పాలి. మునుపు ఏటా దసరాకి కూర్మయ్య డబ్బాలు విప్పి తుడిచేవాడు. రెండేళ్ల కిందట తుడుస్తూ ఒక మెషీన్లో వైరు తెంపాడు. నేను పిల్లలందరి ముందూ అతన్ని కేకలేసి, "ఇన్‌ఛార్జి అనుమతి లేనిదే మెషీన్లు ఎవరూ తెరవరాదు" అని నా చేత్తో రాసి గోడకి అంటించాను. పోయిన దసరాకి దగ్గరుండి పైపైన తుడిపించాను. నేనూ ఎప్పుడూ తెరవలేదు. దుమ్ము పట్టిన పంకా తిరగదు, లోపల వేడి పెరుగుతుంది, వేడికి మెషీన్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఇది నేను ఫస్టియర్‌లో చెప్పే పాఠమే. ల్యాబ్‌ని మూసేదాకా తెచ్చింది సిస్టమూ కాదు, పాతదనమూ కాదు. నా కాగితం.

ఇదంతా తెలిసే ఆరూ పది చూసి ఎగిరాను. తెలిసే నీకు సంతకానికి పంపాను. నువ్వు అడిగితే నీ మీద విరుచుకుపడ్డాను. కూర్మయ్య చేసింది బయటపడితే నేను రెండేళ్లు చేయనిదీ బయటపడుతుంది. నాకు భయమేసింది మావయ్యా.

మొన్న పళ్లాలు మార్చాను. ముందు మోహనకృష్ణ గారికి అంతా చెప్పాను. ఆయన ఫోన్ తీసి స్టాప్‌వాచ్ తెరిచారు. ఊదిన మెషీన్ల మీద కొన్నది ఆరు నిమిషాల ముప్ఫై అయిదు సెకన్లు. ఉచితది ఆరూ పది. తేడా ఇరవై అయిదు సెకన్లు. అందులోనూ మార్కుల జాబితా తెరవడంలో కొన్నదే తొమ్మిది సెకన్లు ముందుంది.

కమిటీకి కొత్తగా నివేదిక రాశాను. దుమ్ము ఎవరి వల్ల చేరిందో, ఎవరు తీశారో మొదటి పేజీలోనే ఉంది. గోడ మీది కాగితం ఊడదీసి చివర జతచేశాను. దీని తర్వాత ల్యాబ్ ఉన్నా నన్ను ఉంచుతారో లేదో తెలీదు. పాత పత్రం చింపెయ్యి. పెడితే దీని మీద పెట్టు సంతకం.

శైలజ

*

చీపురుపల్లి,
నవంబరు 28.

మావయ్యకి,

నువ్వు సంతకం పెట్టి పంపిన నివేదిక కమిటీలో మొత్తం చదివారు. "ఈ పోలిక న్యాయంగా జరిగింది" అన్నదాని పక్కన నువ్వు "రెండోసారి" అని రాశావు చూడు, అక్కడికి రాగానే కరస్పాండెంట్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత కూర్మయ్యని పిలిపించారు. అతను గుమ్మంలోనే నిలబడిపోయి, "ఏటి బాబూ, నాను తప్పు సేసినానా?" అన్నాడు. "ఊక బ్లోయరు ఏ మిల్లుది?" అని అడిగారు. "మనదే బాబూ" అన్నాడు. "ఎవరినడిగి తీసికెళ్లావు?" అంటే తల గోక్కున్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ల్యాబ్ మూయడం లేదు. మెషీన్లు బాగానే నడుస్తుంటే పిల్లల్ని రైలెక్కించడం ఎందుకన్నారు. సగం వాటి మీద ఉచితది, సగం వాటి మీద కొన్నది ఉంచుతారు. ఆ సలహా మోహనకృష్ణ గారిదే. తేడా ఇంత తక్కువైనప్పుడు పిల్లలకి రెండూ తెలియడమే మేలన్నారు. ఇన్‌ఛార్జి ఇకనుంచి ఆయనే. నాకు మెమో ఇచ్చారు. పాఠాలు చెప్పుకోవచ్చు, ల్యాబ్ తాళం మాత్రం నా దగ్గర ఉండదు. అది కూర్మయ్య దగ్గర ఉంటుంది. పదేళ్లు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న తాళం. బ్యాగ్ తేలికైనట్టుంది, బాగోలేదు.

ఆడపిల్లలు అందరూ ఉన్నారు. నిన్న ల్యాబ్‌లో నేను అరవకుండానే పాఠం చెప్పాను.

కోపంలో మీ మావగారి రాళ్ల మాట ఎత్తాను. ఎత్తాల్సింది కాదు. క్షమించు. కందిపొడి డబ్బా రేపు పార్సిల్ చేస్తాను.

శైలజ

*

శ్రీకాకుళం,
డిసెంబరు 8.

శైలజా,

క్షమించమన్నావు. ఆ ఒక్క మాట వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట, దసరా వెళ్లిన వారం, నరసన్నపేటలో తనిఖీకి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు సొంతవాళ్లని వదిలేశాడన్న మాట రాకూడదని మీ అత్త తండ్రి కొట్టుతోనే మొదలుపెట్టాను. ఆయన రెండు కిలోల రాయిని నా పెట్టెలోని రాయికి ఎదురుగా పెట్టి తూచాను. ఆరు గ్రాములు తక్కువ వచ్చింది. బజారంతా చూస్తుండగా సీజ్ చేశాను. గొడవై ఆ నెలంతా ఇంకో తనిఖీకి పోలేదు. పేపర్లో నా పేరు వేశారు. ఆ పేరుతోనే నేను రిటైరయ్యాను. మీ కరస్పాండెంట్ నా సంతకం కావాలన్నదీ ఆ పేరు వల్లే. మావగారు మాత్రం బజార్లో తలెత్తుకోలేక ఆర్నెల్లలో కొట్టు మూసేశారు.

నెల తిరిగాక నా రాళ్లు తుడుచుకుంటున్నాను. రెండు కిలోల రాయి అడుగు గుంటలో పసుపు ముద్ద ఎండి గట్టిగా పట్టుకుని ఉంది. దసరాకి మా ఆఫీసులో కూడా రాళ్లకి పూజ చేశాం. ఆ ముద్ద గీకి తూచాను. ఆరు గ్రాములు. మావగారి రాయి సరైనదే. నా రాయే తప్పు.

పళ్లాలు మార్చమని నీకు రాశాను. ఆ రోజు ఎన్నిసార్లు పళ్లాలు మార్చినా తప్పు నా రాయిలోనే ఉండేది. నా రాయి తిప్పి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. తెలిశాక ఎవరికీ చెప్పలేదు. నీ కుంకుమ పొట్లం విప్పగానే ఆ ప్రశ్న నాకెలా తట్టిందనుకున్నావు?

నీ నివేదిక, దాని వెనక నువ్వు జతచేసిన ఆ గోడ కాగితం మూడుసార్లు చదివాను. మొన్న ఆదివారం మీ అత్తని కూర్చోబెట్టి చెప్పేశాను. ఆమె నాకు వినపడాలని చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది.

"మీరిప్పుడు సెప్తన్నారు. మా నాన్నకి ఆ రోజే తెలుసు. కాటా మీంచి మీ రాయి ఎత్తినప్పుడు అడుగున పసుపు సూసినాడట. అందరి ముందర సెప్తే అల్లుడి ఉద్దోగం పోతాదని ఊరుకున్నాడు. 'తనే సూసుకుంటాడు, సూసుకున్నాక తనే వస్తాడు' అన్నాడు. పోయేదాకా మీకోసం సూసినాడు."

ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. నేను ఏడ్చాను. దాచడం ఎందుకు.

ఆ రోజు జరిగిన తూకం న్యాయంగా జరగలేదని, ఎవరి రాయి ఎందుకు తప్పో, మా శాఖకి ఒక నివేదిక రాశాను. ఇన్నాళ్లకి వాళ్లు ఏం చేస్తారో నాకు తెలీదు. వాళ్లకి పంపే ముందు బయటి మనిషెవరైనా చూడాలి. దీంతో పంపుతున్నాను. నేను ఏమైనా దాచానేమో చూడు. లేదనిపిస్తే చివర జాగా వదిలాను, అక్కడ సంతకం పెట్టి పంపు.

మీ మావయ్య,
జగన్నాధం